నోటినిండా మేకులు

కుట్టుమిషను ముందుగదిలోంచి లోపలిగదిలోకి వెళ్ళిపోయి వారం దాటింది. ఎవరూ మోసుకెళ్ళినట్టు లేదు, అదే అలిగి నడుచుకుంటూ వెళ్ళిపోయిందేమో అన్నంత గుట్టుగా జరిగిపోయింది ఆ పని. రోజూ పొద్దున్నే కొట్టు తలుపు తీసే మౌనస్వామికి గోడవార మిషను ఉండాల్సిన చోట దాని కాళ్ళ గుర్తులు మాత్రం కనిపిస్తున్నాయి. లోపలినుంచి టకటకమని కుడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అంటే పెళ్ళాం పని మానలేదు, వంట మానలేదు, ఇల్లు వదిలి పోలేదు. మాట్లాడ్డం మానేసింది. అంతే.

మౌనస్వామి అతని అసలు పేరు కాదు. వీధివాళ్ళు పెట్టిన పేరు. పాత సోఫాలకీ కుర్చీలకీ స్పాంజి మార్చి, కొత్త గుడ్డ తొడగడం అతని పని. గుడ్డని చెక్కకి బిగించాలంటే చిన్నచిన్న మేకులు కొట్టాలి. ఒక చేత్తో గుడ్డ లాగి పట్టుకోవాలి, ఇంకో చేత్తో సుత్తి. మూడో చెయ్యి దేవుడు ఇవ్వలేదు కాబట్టి మేకులు గుప్పెడు నోట్లో పోసుకోవాలి. నాలుకతో ఒక్కో మేకునీ తల బయటికి వచ్చేలా తిప్పి పెదవుల మధ్యకి తెస్తే, మూతికి అయస్కాంతం ఉన్న సుత్తి ముద్దుపెట్టుకున్నట్టు దాన్ని అందుకుంటుంది. టక్, టక్. మళ్ళీ ఇంకోటి. ఈ విద్య నేర్చుకునే రోజుల్లో మేకులు మింగి ఆస్పత్రి పాలైనవాళ్ళున్నారు. ఇతను ఒక్కటీ మింగలేదు. మాటలే మింగాడు.

నోటినిండా మేకులున్నవాడు మాట్లాడలేడు. “ఊఁ” అనగలడు. బాగా కష్టపడితే “ఊఁహూఁ” అనగలడు. కుర్చీ ఇవ్వడానికి వచ్చినవాళ్ళు పక్కనున్న స్టూలు మీద కాసేపు కూర్చునేవాళ్ళు. ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. ఇతను ఊఁ కొట్టేవాడు. మధ్యలో అడ్డు రాడు, సలహా ఇవ్వడు, మా ఇంట్లో ఇంతకంటే ఘోరం అని తన గోడు మొదలెట్టడు. దాంతో కోడలితో పడనివాళ్ళు, అత్తతో పడనివాళ్ళు, ఎవరితోనూ పడనివాళ్ళు ఆ స్టూలు మీదికి చేరారు. బాగానే ఉన్న కుర్చీలకి కూడా రిపేరు పుట్టించుకుని మరీ వచ్చేవాళ్ళు. ఎంత మంచి మనిషి, ఎంత ఓర్పు, అని వీధంతా అనుకుంది. మౌనస్వామి అన్నారు.

ఆ నోటి సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ ఆ వీధిలో లేరు మరి. చిన్నప్పుడు లెక్కల మాస్టారు “నీ బుర్రలో ఏముందిరా” అని అడిగితే, “మీరు చెప్పిందే ఉందండి, అందుకే ఖాళీగా ఉంది” అని చెప్పి బడికి శాశ్వతంగా సెలవు పుచ్చుకున్న నోరది. వయసు మళ్ళేకొద్దీ ఇంకా పదునెక్కింది. చదువుకున్నవాళ్ళని చూస్తే ఒక చురక, డబ్బున్నవాళ్ళని చూస్తే ఇంకో చురక, ఏమీ లేనివాళ్ళని చూస్తే తన మొహం అద్దంలో చూసుకున్నట్టుండి రెండు చురకలు. అన్నీ నాలుక చివర దాకా వచ్చి మేకుల కుప్పకి కొట్టుకుని వెనక్కి పోయేవి. కడుపులో ఎప్పుడూ మంటగా ఉంటుందని డాక్టరుకి చెబితే, కారం తగ్గించమన్నాడు. తను తినే కారం సంగతి కాదని అతనికి మాత్రం తెలుసు.

అందరికంటే ఎక్కువ మాట్లాడింది పెళ్ళాం. ఆమె గోడవార మిషను దగ్గర కవర్లు కుట్టేది, ఇతను గది మధ్యలో మేకులు కొట్టేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె చెబుతూనే ఉండేది, ఇతను ఊఁ కొడుతూనే ఉండేవాడు. కాపురం పచ్చగా సాగిపోయింది.

ఆ పచ్చదనానికి నిప్పు పెట్టింది కూడా ఆమే, పాపం, ప్రేమతోనే. మేకులు పట్టీపట్టీ ఇతని ముందుపళ్ళు రంపంలా అరిగిపోయాయని పళ్ళ డాక్టరు భయపెట్టాడు. ఆమె వెళ్ళి గాలితో పనిచేసే పిన్నుల గన్ను తెచ్చి చేతిలో పెట్టింది. మీట నొక్కితే ఠాప్‌మని పిన్ను దిగుతుంది. మేకులతో పని లేదు. నోరు ఖాళీ అయింది.

ఇక చూడండి. రైలు గార్డుగా చేసి దిగిపోయిన పెద్దాయన ఎప్పట్లాగే వచ్చి స్టూలు మీద కూర్చుని, పోయిన భార్య పెంచిన పిల్లి రాత్రంతా ఆమె మంచం కింద కూర్చుని ఏడుస్తోందని చెప్పబోయాడు. “ఎవరికైనా ఇచ్చెయ్యండి, పీడా పోతుంది” అన్నాడు మౌనస్వామి. ఠాప్. పెద్దాయన కాసేపు చేతికర్ర వంక చూసుకుని లేచి వెళ్ళిపోయాడు. కోడలి మీద చాడీలు చెప్పడానికి వచ్చిన మందులషాపు ఆవిడతో “ఆ పిల్ల కాబట్టి భరిస్తోంది” అన్నాడు. ఠాప్. ఆవిడ సోఫా సగంలో ఉండగానే ఆటోలో వేసుకుపోయింది.

పెళ్ళాం వంతు ఆ తర్వాత వచ్చింది.

“ఏమండీ, ఈమధ్య సూదిలోకి దారం ఓ పట్టాన ఎక్కట్లేదు. చీకటి పడితే నల్లగుడ్డ మీద నల్లదారం అసలు కనబడట్లేదు. మా అమ్మకి కూడా మొదట్లో ఇలాగే...”

“కళ్ళజోడు మార్చుకో. దానికింత పురాణమెందుకు.” ఠాప్.

మర్నాటికి మిషను లోపలిగదిలో ఉంది.

తను అన్నదాంట్లో తప్పేముందో మౌనస్వామికి ఎంత బుర్ర చించుకున్నా అర్థం కాలేదు. కళ్ళు కనబడకపోతే కళ్ళజోడు కాక చెప్పులు మార్చుకుంటారా? న్యాయం తన వైపే ఉంది. కానీ న్యాయం ఊఁ అని పలకదు, పక్కన కూర్చుని కబుర్లు చెప్పదు. కొట్టులో గన్ను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇంత నిశ్శబ్దంలో పనిచెయ్యడం అతనికి అలవాటు లేదు. రెండు కవర్లు తిరగేసి బిగించాడు.

అలాంటి సమయంలో దిగింది మేనకోడలు, అక్క కూతురు. మనసు బాగోలేనివాళ్ళతో మాట్లాడి బాగుచేసే చదువు చదువుతోంది. థెరపిస్టు అంటారట. చిన్నప్పటినుంచీ ఆ స్టూలు ఆమె సింహాసనం. బడిలో దెబ్బలాటల దగ్గర్నుంచి కాలేజీలో ప్రేమ దాకా అన్నీ దాని మీద కూర్చునే చెప్పింది.

“మావయ్యా, మాకో ప్రశ్న ఇచ్చారు. నువ్వు ఎలాంటి థెరపిస్టు కావాలనుకుంటున్నావో ఊహించుకుని రమ్మన్నారు. రేపు క్లాసులో అందరి ముందూ చెప్పాలి.”

“అందులోనూ రకాలున్నాయా?”

“బోలెడు. చిన్నప్పటి సంగతులు తవ్వేవాళ్ళు ఒక రకం. ఇప్పటి బాధకి మూలం అక్కడెక్కడో ఉంటుందని.”

“సోఫాకి గుడ్డ మార్చవయ్యా అంటే, ఇది ఏ చెట్టు చెక్క, ఆ చెట్టుకి నీళ్ళెవరు పోశారు అని అడిగినట్టు.”

“ఇంకో రకం, నువ్వు చెప్పిన మాటే మళ్ళీ నీకు చెబుతారు. అప్పుడు నీ మాట నీకే వినబడుతుంది.”

“గోడకి ఫీజు ఇవ్వడమన్నమాట.”

“ఇంకో రకం ఉంది, నీకు నచ్చుతుంది. ఎదురుగా ఖాళీ కుర్చీ వేస్తారు. నీకు కోపమున్న మనిషి అందులో కూర్చున్నాడనుకుని, అనాల్సినవన్నీ అనెయ్యాలి.”

మౌనస్వామి పని ఆపి కొట్టంతా కలయచూశాడు. గోడకి ఆనించినవి, తిరగేసినవి, స్పాంజి ఊడినవి, ఎటు చూసినా ఖాళీ కుర్చీలే. “అయితే ఇది ఆస్పత్రేనే అమ్మడూ” అన్నాడు.

మేనకోడలు పడీపడీ నవ్వింది. “నువ్వైతే ఏ రకం అవుతావు మావయ్యా? నిజంగా ఆలోచించి చెప్పు.”

“తిట్టే రకం.”

“ఆ రకం లేదు.”

“అందుకే ఎవరికీ నయం కావట్లేదు. వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, నువ్వు చేసింది వెధవపని, లేచి ఇంటికెళ్ళు అంటే ఒక్క పూటలో తేలిపోతుంది. దానికి నెలల తరబడి రావడమెందుకు?”

మేనకోడలు నమ్మలేదు. “ఊరికే అంటావు గానీ నువ్వు అలాంటివాడివి కాదు. నేనేం చెప్పబోతున్నానో విను” అని, రేపు క్లాసులో నిలబడబోయేటట్టే లేచి నిలబడి గొంతు సవరించుకుంది. “నేను మా మావయ్యలాంటి థెరపిస్టుని కావాలనుకుంటున్నాను. ఆయన కుర్చీలకి గుడ్డ తొడుగుతారు. ఎదుటివాళ్ళు చెబుతుంటే మధ్యలో ఒక్కసారి కూడా ఆపరు. తప్పు పట్టరు. ఊఁ అంటారు. ఆ ఊఁలో, నువ్వు చెప్పు, నేనిక్కడే ఉన్నాను అన్న భరోసా ఉంటుంది.”

లోపలిగదిలో మిషను ఆగింది. మళ్ళీ మొదలైంది, ఈసారి గుడ్డ మీద కక్ష ఉన్నట్టు.

మౌనస్వామికి చెవులు వేడెక్కాయి. పొగడ్త ఎవరికి చేదు? మింగేద్దామనే అనుకున్నాడు. కానీ మాటకి అడ్డంగా నోట్లో ఇప్పుడేమీ లేదు, అది బయటికే వచ్చేసింది.

“అమ్మడూ, నా నోట్లో మేకులుండేవే.”

“తెలుసుగా.”

“తెలిస్తే అలా ఎలా అంటున్నావు? నీ కాలేజీ కుర్రాడి సంగతి చెప్పావే, గిటార్ వాయిస్తాడనీ, కళ్ళు బాగుంటాయనీ. వాడొట్టి వెధవాయి అని నాలుక చివర దాకా వచ్చింది. మేకులు చేతిలోకి ఉమ్మి చెబుదామంటే, చెయ్యి వదిలితే సోఫా గుడ్డ జారిపోతుంది. అంతలో నువ్వు ఏడ్చి, ముక్కు చీది, నువ్వే ‘వాడొట్టి వెధవాయి కదా మావయ్యా’ అన్నావు. నేను ఊఁ అన్నాను.”

మేనకోడలు నోరు తెరిచి స్టూలు మీద కూలబడింది. “అప్పుడు ఊఁ అన్నందుకే నీ మీద నాకు అంత నమ్మకం కుదిరింది.”

“గుడ్డ మీద శ్రద్ధే అది.”

“నా ఉపన్యాసమంతా పోయింది. క్లాసుకెళ్ళి, మా మావయ్య మంచి శ్రోత, ఎందుకంటే నోట్లో ఇనుముంది అని చెప్పనా?” కాసేపు నవ్వాలో ఏడవాలో తెలియక చూసి, చివరికి నవ్వింది. “పోనీలే, పిప్పరమెంటు చప్పరిస్తూ వినే రకం అవుతాను.” తర్వాత లోపలిగది వంక చూసి గొంతు తగ్గించింది. “ఇంతకీ అత్తయ్య మిషను అక్కడికెందుకు పోయింది?”

చెప్పాడు. కళ్ళజోడు దగ్గర్నుంచి మొత్తం చెప్పి, “ఇప్పుడు చెప్పు, నేనన్నదాంట్లో తప్పేముంది?” అన్నాడు.

“మా టీచరైతే ఒకటే అడుగుతుంది. ఖాళీ నోటితో ఎవరి మాటైనా చివరిదాకా విన్నావా మావయ్యా, ఎప్పుడైనా?”

“ఏం, రకాలన్నీ చెప్పావుగా. ఏదో ఒకటి పనిచెయ్యకపోతుందా. పేషెంటు ఇంట్లోనే ఉంది” అన్నాడతను పౌరుషంగా.

ఆ సాయంత్రమే వైద్యం మొదలైంది. భోజనాల దగ్గర ఆమె ఎదురుగా కూర్చుని, గొంతు వీలైనంత మెత్తగా చేసుకుని అడిగాడు. “చిన్నప్పుడు మీ ఇంట్లో నిన్నెవరైనా బాధపెట్టారా?”

ఆమె అతని వంక తేరిపార చూసింది. “చల్లారిపోతోంది, తినండి.”

మర్నాడు గోడ రకం ప్రయత్నించాడు. ఆమె వంటగదిలోంచి “గ్యాస్ అయిపోయింది” అంది. వారంలో తనంతట తాను అన్న మొదటి మాట. మౌనస్వామి గుమ్మం దగ్గర నిలబడి, “గ్యాస్ అయిపోయిందని నీకనిపిస్తోంది” అన్నాడు.

“అనిపించడమేమిటి, అయిపోయింది.”

“అయిపోయిందని నీకు గట్టిగా అనిపిస్తోంది.”

ఆమె ఖాళీ సిలిండర్ దొర్లించుకొచ్చి అతని కాళ్ళ ముందు నిలబెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మూడోది ఖాళీ కుర్చీ. దీని మీద అతనికి నమ్మకం ఎక్కువ, చేతిలో ఉన్న సరుకు కదా. కొట్టులోకెల్లా మంచిది, ఎత్తు వీపుది ఎంచి, మిషను ఎదురుగా వేశాడు. “ఇందులో నేనే కూర్చున్నాననుకో. ఏమనాలనుంటే అది అనెయ్” అని చెప్పి, తలుపు చాటుకి పోయి నిలబడ్డాడు. కాసేపటికి తొంగి చూస్తే, కుట్టిన కవర్లన్నీ మడతపెట్టి కుర్చీలో దొంతరగా పేర్చింది. తలెత్తకుండానే అంది, “ఈయనే నయం. ఎదురు మాట్లాడడు.”

అతనికి రోషం వచ్చింది. వైద్యం మానేద్దామనుకున్నాడు. థెరపీ మానెయ్యొచ్చు గానీ, ఆ నిశ్శబ్దం మాత్రం మానేలా లేదు. గన్ను ఆగినప్పుడల్లా చెవులు అటే పోతున్నాయి. పెళ్ళాం తన చెల్లెలి ఇంటి పాత గొడవ మొదలెట్టినా బాగుండును, వందసార్లు విన్నదే అయినా వినొచ్చు అనిపించేటంత దాకా వచ్చింది.

అప్పుడే గార్డు పెద్దాయన కుర్చీ పట్టుకొచ్చాడు. గుమ్మం దాటలేదు. సన్నటి కాళ్ళది, గుండ్రటి వీపుది, ఆయన భార్య కూర్చునే కుర్చీ.

“దీనికి గన్ను పెట్టకు. సన్న చెక్క, పిన్ను దెబ్బకి చీలిపోతుంది. మేకులే కొట్టు.”

“నా పళ్ళు మొత్తం రాలగొట్టుకోమంటారా?”

“నాకు రెండున్నాయి. కావలిస్తే ఒకటిస్తాను.”

“కూర్చోండి” అన్నాడు మౌనస్వామి, స్టూలు జరుపుతూ.

“వద్దులే. పని చేసుకో” అని పెద్దాయన కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అందులో కోపం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మేకుల డబ్బా ఎక్కడుందో తెలియదు. గన్ను వచ్చిన రోజే పారెయ్యమన్నాడు. లోపలిగది గుమ్మంలో నిలబడి, “మేకులు...” అన్నాడు. ఆమె మిషను సొరుగు లాగి, నూనెగుడ్డ చుట్టిన డబ్బా తీసి ఇచ్చింది. మూత తీస్తే లోపల ఒక్కటీ తుప్పు పట్టలేదు. పారెయ్యమన్నదాన్ని ఇంత భద్రంగా దాచావేం అని అడగబోయి, ఎందుకో అడగలేదు. మేకుల్ని వేడినీళ్ళలో మరగబెట్టి, ఆరబెట్టి, గుప్పెడు నోట్లో పోసుకున్నాడు.

మొదటి మేకు వంకరపోయింది. రెండోది వేలి మీద పడింది. తర్వాత నాలుకకి పాత లెక్క గుర్తొచ్చింది. టక్, టక్. టక్, టక్.

లోపల మిషను ఆగింది.

కాసేపటికి ఆమె చేతిలో సగం కుట్టిన కవరుతో వచ్చి గుమ్మంలో నిలబడింది. అతను తలెత్తలేదు, గుడ్డ లాగి పట్టుకుని ఉన్నాడు. ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుంది.

“కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను” అంది.

ఒక్కదానివే ఎందుకెళ్ళావు, నేను చచ్చానా, అన్న మాట జోరుగా లేచి మేకులకి కొట్టుకుని వెనక్కి పోయింది. “ఊఁ” అన్నాడు.

“పొర వస్తోందట. ముదిరాక ఆపరేషన్ చేస్తారట. భయమేమీ లేదన్నాడు. భయం నాదైతే ఆయనకెందుకుంటుంది?”

“ఊఁ.”

“మా అమ్మకి చివర్లో అసలు కనబడేది కాదు. నేను వెళితే మొహమంతా తడిమి, ముక్కు నీదే అనేది. నవ్వేవాళ్ళం. ఇంటికొచ్చాక నేను కళ్ళు మూసుకుని ఇల్లంతా తిరిగి చూసుకునేదాన్ని, ఇలాగే ఉంటుందా అని. ఆ రోజు మీకు చెప్పబోయింది అది. కళ్ళజోడు కాదు.”

టక్. ఈసారి సుత్తి ఒక్కసారే పడింది.

“కనబడకపోతే ఎలాగా అని కూర్చుని ఆలోచించాను. మిషను చేతులకి తెలుసు. వంటగది తెలుసు. మీరు కోపంగా ఉన్నారో, ఆకలిగా ఉన్నారో సుత్తి వింటే తెలిసిపోతుంది, ఆకలేస్తే దెబ్బలు దగ్గర దగ్గరగా పడతాయి. కానీ ఆ గన్ను ఉంది చూశారూ, దానికి అన్నీ ఒకటే. నేనే కొని తెచ్చి పెట్టాను, ఎవర్ని అనను? ఇంకో పక్క మీ పళ్ళు.” ఆమె చిన్నగా నవ్వి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. “పళ్ళు కావాలా, మొగుడు కావాలా అన్నట్టుంది నా పని.”

మౌనస్వామికి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. రేపే ఇంకో డాక్టరుకి చూపిద్దామని ఒకటి, మీ అమ్మది వేరే జబ్బని ఒకటి, గన్నుని వీధి కాలవలో పారేస్తానని ఒకటి. “ఊఁ” అన్నాడు. టక్, టక్. పెదవుల మధ్యకి ఇంకో మేకు తేబోతే నాలుకకి ఏమీ తగల్లేదు. అయిపోయాయి. నోరు ఖాళీ. ఇప్పుడు మాట్లాడొచ్చు.

బుగ్గలు కొంచెం పూరించాడు. అప్పటికే దిగిపోయిన మేకు మీదే మెల్లగా టక్, టక్ అనిపించాడు. “ఊఁ” అన్నాడు.

ఆమె చెబుతూనే పోయింది. కళ్ళలో చుక్కలు వేస్తే వీధంతా మెరుపులు కనిపించాయనీ, బస్సు నంబరు ఎవరినో అడిగితే ఆయనకి చదువు రాదన్నాడనీ, ఇద్దరూ కలిసి తప్పు బస్సు ఎక్కారనీ. అతనికి నవ్వు ఆగలేదు, ముక్కుతో నవ్వాడు. బుగ్గల్లో గాలి మాత్రం వదల్లేదు. చాలాసేపటికి ఆమె మాట ఆపి, మెడ వంచి అతని మొహంలోకి చూసింది.

“మేకులు ఎప్పుడో అయిపోయాయి కదూ.”

మౌనస్వామి పట్టుబడ్డ పిల్లాడిలా అటూ ఇటూ చూశాడు. “ఊఁ” అన్నాడు.

“కొత్త మేకు చప్పుడు వేరు. పాతమేకు మీద కొడితే వేరు. నేను అమ్మ సంగతి ఎత్తిన కాసేపటికే అయిపోయాయి.” ఆమె లేచి, కవరు దులిపి భుజాన వేసుకుంది. “మిషను ఇటు తెచ్చిపెట్టండి. బరువు, ఒక్కదాన్నే తేలేను.”

అటు తీసుకెళ్ళినప్పుడు దానికి బరువు లేదా? ఆ మాట ఎంత చక్కగా, ఎంత పదునుగా తయారై నాలుక చివర నిలబడిందంటే, ఇంత మంచి మాట అతనికి ఏడాదిలో ఒక్కటి కూడా రాలేదు.

అతను డబ్బాలోంచి ఒక్క మేకు తీసి నోట్లో వేసుకుని, మిషను మోసుకురావడానికి లోపలికి నడిచాడు.